దేవుడి మూలన ఎలుగుబంటి

పెట్టె జనవరి ఆఖరి వారంలో జీపులో వచ్చింది. టేకు పెట్టె. మూలలకి ఇనపరేకు కొట్టి ఉంది. లోపల నలభై పుస్తకాలు, అన్నీ పిల్లల కథలు, బొమ్మలతో సహా. అది 1957వ సంవత్సరం.

చోడవరం నుంచి వడ్డాది వెళ్ళే రోడ్డుకి మైలు లోపల మా ఊరు. బడి అంటే రెండు గదుల పెంకుటిల్లు, అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లు. నేను హెడ్మాస్టరుని. రెండో టీచరు ఏసుమణి. ఇరవై రెండేళ్ళ మనిషి. మిషను వాళ్ళ ట్రైనింగు స్కూల్లో చదివి ఆ ఏడే కొత్తగా ఉద్యోగంలో చేరింది.

పెట్టె తెచ్చినాయన బ్లాకు ఆఫీసులో సాంఘిక విద్యాధికారి, గణపతిరావు. జీపు దిగకుండానే సంగతి చెప్పాడు.

"మేష్టారూ, ఇది మూడు నెలలు మీ దగ్గరుంటుంది. ఏప్రిల్ ఆఖర్న మళ్ళీ వస్తాను. నాకు తోచిన ముగ్గురు పిల్లల్ని లేపుతాను. వాళ్ళు ఎప్పుడూ చూడని కాగితం చేతికిస్తాను. చదవాలి, చదివింది అర్థం చెప్పాలి. ముగ్గురూ చెబితే పెట్టె మీ బడికే. ఒక్కడు తప్పినా జీపెక్కి రావికమతం బడికి పోతుంది."

"పుస్తకాలు ఇళ్ళకి ఇవ్వచ్చా అండీ?" అని ఏసుమణి అడిగింది.

"ఇవ్వాలమ్మా. ఇక్కడ చూసుకుని మురవడానిక్కాదు."

సంతకం నేను పెట్టాను. పుస్తకం పోతే మాట పడేది నేను. అందుకని జీపు వెళ్ళగానే పెట్టెకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను. మూడు నెలలు కళ్ళు మూసుకుంటే పెట్టె రావికమతం పోతుంది, నాకు పీడ పోతుంది అనుకున్నాను.

ఏసుమణి వారం రోజులు రోజూ అడిగింది.

"తాళంచెవి ఇస్తారా మేష్టారూ?"

"ఎందుకు?"

"తియ్యడానికండి."

ఎనిమిదో రోజు ఇచ్చాను. విసుగొచ్చి ఇచ్చాను.

ఆవిడ చాప పరిచి, కొట్లో వంకాయలు పరిచినట్టు నలభై పుస్తకాలూ వెల్లకిలా పరిచింది. "ఎవరికి ఏది కావాలో అది తీసుకోండర్రా" అంది. ఒక్కరూ కదల్లేదు. ఏది కావాలని మా పిల్లల్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. వాచకం ఇస్తే నోటికి పట్టేవారు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా గడగడా చదివేసేవారు. మేము దాన్నే చదువు అనేవాళ్ళం. నేను చదివిందీ అలాగే.

ముందు లేచింది అయిదో తరగతి పైడితల్లి. పదేళ్ళ గుంట. కొట్లో చింతపండు కట్టిన కాగితం కూడా విప్పి చదివే రకం. నోటికి రానిదాన్ని చూసి చదవగలిగింది మొత్తం బడిలో అదొక్కతే. అది చాప చుట్టూ రెండుసార్లు తిరిగి, నూతిలో నీళ్ళు తోడే ఏతాం మీదెక్కిన ఎలుగుబంటి బొమ్మ ఉన్న పుస్తకం తీసుకుంది. తీసుకుని నా దగ్గరికొచ్చింది.

"మేష్టారూ, పెట్టె మన బడికే ఉండిపోతే, నేను అయిదు పాసైపోయేక కూడా వచ్చి సదూకోవచ్చా?"

దాన్ని చోడవరం హైస్కూలుకి పంపరని ఊరందరికీ తెలుసు. దానికీ తెలుసు. ఊళ్ళో ఇంకో పుస్తకం లేదు. పెట్టె పోతే దాని చదువు అక్కడికి సరి.

"ఉంటే చూద్దాం" అన్నాను.

శుక్రవారం నాడు పుస్తకాలు ఇళ్ళకి పంపింది ఏసుమణి. సోమవారం తెమ్మంది. సోమవారం ఒక్కటీ రాలేదు. మంగళవారం ఒక్కటి వచ్చింది. అట్ట నిండా పసుపు, నాలుగు మూలలా కుంకం బొట్లు, మీద కర్పూరం మసి. లోపల ఒక్క పేజీ విప్పిన జాడ లేదు.

"ఇదేటిరా దాసూ?" అన్నాను.

దాసు నాలుగో తరగతి. "మాయమ్మ దేవుడి మూలన ఎట్టిందండి. సరస్పతి గదండి. ముట్టుకుంటే సెయ్యి ఇరగ్గొడతానందండి. నేను ఏడిస్తే ఇది ఇచ్చేసిందండి."

"మిగతావాళ్ళవి?"

"మావీ అక్కడే అండి" అని ముప్పైమంది ఒకేసారి అరిచారు.

ఏసుమణి ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగింది. అందరూ గౌరవంగానే మాట్లాడారట. కాని గుమ్మంలోనే నిలబెట్టారు. క్రిస్టియన్ మనిషి మా దేవుడి మూలకి రాకూడదు అని నోటితో అనలేదు. తలుపు సగమే తీశారు. మర్నాడు ఆవిడ నా బల్ల ముందు నిలబడి, "మేష్టారూ, ఈ పని నా వల్ల కాదండి. మీరే వెళ్ళాలి. సన్యాసమ్మగారు దించితే ఊరంతా దించుతారట" అంది.

సన్యాసమ్మ పైడితల్లి నాన్నమ్మ. ఊళ్ళో ఏ అమ్మవారికి ఏ రోజు చద్ది పెట్టాలో ఆవిడ చెప్పాలి. ఆవిడ కొడుకు, పైడితల్లి తండ్రి, బంగార్రాజు. బంగార్రాజుతో నేను మాట్లాడి నాలుగేళ్ళు.

సంగతి చిన్నదే. నా భార్య రాజ్యానికి కడుపులో పోటు వచ్చింది. చోడవరం ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఊళ్ళో ఆ పూట ఖాళీగా ఉన్నది బంగార్రాజు బండి ఒక్కటే. బెల్లం వండుతున్నాడు. "పాకం దిగుతాది మేష్టారూ, దిగేక అచ్చులు ఎత్తుకుని నేనే బండి కడతాను" అన్నాడు. రెండు గంటలు. బండి కట్టాడు, తనే తోలాడు. రాజ్యం దారిలో పోయింది. బెల్లం బాగా వచ్చిందని తరవాత విన్నాను. ముందే బయల్దేరినా బతికేది కాదని డాక్టరు చెప్పాడు. అది డాక్టరు మాట. నాకు సంబంధం లేదు.

రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు సాయంత్రం వెళ్ళాను. బంగార్రాజు అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. లేచి నిలబడ్డాడు.

"రండి మేష్టారూ. మంచినీళ్ళు తాగుతారేటి?"

నేను లోపలికి చూస్తూ, "సన్యాసమ్మా, నాకు దాహం లేదని చెప్పు" అన్నాను.

ముసలమ్మ కొంగు సర్దుకుంటూ వచ్చింది. "కూకోండి బాబూ. అరుగు మా ఆయన కట్టించింది. ఆడు కట్టింది కాదు, కూకోండి."

కూర్చోలేదు.

"పుస్తకం ఏది?"

చూపించింది. దేవుడి మూలలో, పసుపుముద్ద పక్కన, ఏతాం ఎక్కిన ఎలుగుబంటి. దాని నుదుటి మీద కూడా బొట్టు పెట్టారు.

"సరస్పతి తనంతట తాను ఇంటికొచ్చింది బాబూ. వారం రోజులై దీపం ఎడతన్నాను. కొబ్బరికాయ కూడా కొట్టేను."

"అందులో ఏముందో తెలుసా?"

"దేవుడి సంగతులుంటాయి. పుస్తకంలో ఇంకేటుంటాయి?"

"ఎలుగుబంటి ఉంది."

"ఉంటే? దేవుడు పందిలాగ రాలేదా? సేపలాగ రాలేదా? ఎలుగ్గొడ్డులాగ రాకూడదని రూలేటి?"

పైడితల్లి తలుపు వెనక నుంచి నన్ను చూస్తోంది. దాని మొహం నేను చూడలేదు. చూస్తే ముసలమ్మ మీద కోపం వస్తుంది.

ముసలమ్మతో వాదించి లాభం లేదు. దించమంటే దించదు. నేను దించితే రేపు ఎవరికి జ్వరం వచ్చినా నా నెత్తిన పడుతుంది. కాసేపు నిలబడి అన్నాను. "సరే. పూజ చేశావు. మరి పారాయణ ఎవరు చేస్తారు?"

ముసలమ్మ చెయ్యి కొంగు మీద ఆగిపోయింది. "పారాయణా?"

"పుస్తకాన్ని దేవుడి దగ్గర పెట్టి, పారాయణ చెయ్యకుండా వదిలేస్తే ఏమవుతుందో నన్నడక్కు."

"ఏటవుతాది బాబూ?"

"అడగొద్దన్నాను కదా."

"ఓలమ్మో! ఎవులు సదుతారు బాబూ? మా ఇంట్లో అచ్చరం ముక్క ఎవులికొచ్చు?"

నేను తలుపు వెనక్కి చూశాను. ముసలమ్మ కూడా చూసింది.

"దీనికా!" అంది. తరవాత గొంతు మార్చి, "ఒసే, కాళ్ళు కడుక్కుని రాయే" అంది.

రోజూ దీపం పెట్టాక కూర్చోవాలి, పైకి వినబడేలా చదవాలి, పుస్తకం పూర్తయ్యేదాకా ఒక్క రోజు తప్పకూడదు, పూర్తయితే బడికి పంపి ఇంకోటి తెచ్చుకోవాలి అని చెప్పాను. వచ్చేశాను. బంగార్రాజు ఇంకా నిలబడే ఉన్నాడు.

మర్నాటికి ఊరంతా తెలిసింది. దీపాల వేళకి ఏ వీధిలోకి వెళ్ళినా కూడబలుక్కునే పిల్లల గొంతులే. ఎవరింట్లో అచ్చరం రాని గుంటడుంటే వాణ్ణి తల్లులు చెవి పట్టుకుని బడికి తెచ్చి, "ఈడికి పారాయణ నేర్పండి, పక్కింటోళ్ళ గుంటడు సదూతన్నాడు, మేము పాపం సేసుకున్నామా" అని తగువు పెట్టుకున్నారు. అచ్చియ్యమ్మ అయితే నా మీదే విరుచుకుపడింది.

"మాకు సన్నం పుస్తకం ఇచ్చేరేటి మేష్టారూ? మా యింటికి పున్నెం తక్కువ రావాలనా?"

ఆవిడ మనవడు పరదేశి మూడో తరగతి. నెలలో పది రోజులు బడికి వచ్చేవాడు. మిగతా రోజులు గేదెల వెంట. వాడికి సన్నం పుస్తకమే ఎక్కువ. ఏసుమణి రోజూ మధ్యాహ్నం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, రాత్రికి చదవాల్సిన పేజీలో బొమ్మ చూపించి, "ఇక్కడ ఏం జరిగుంటుందో చెప్పు, తరవాత చదివి చూద్దాం" అనేది. వాడు వేలు పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కునేవాడు. చదివింది తను చెప్పినట్టు లేకపోతే పుస్తకం మీద కోప్పడేవాడు.

వడ్రంగి ఏసుపాదం స్వయంగా బడికొచ్చాడు. "మా యింట్లో దేవుడి మూల లేదండి. సాయంత్రం ప్రార్థన ఉంది. అదయ్యేక మా జ్ఞానమ్మ సేత సదివిస్తే సెల్లుతాదేటండి?" అన్నాడు.

"చెల్లుతుంది" అన్నాను. నాకేం పోయింది.

ఫిబ్రవరి నడుమ గానుగ వంతు బంగార్రాజుకి వచ్చింది. ఊరందరికీ ఒకటే గానుగ. వంతు వచ్చిన నాలుగు రోజుల్లో చెరకు ఆడించుకుని బెల్లం వండుకోవాలి. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా పొయ్యిలోకి పిప్పి ఎగదోయడానికి ఒక మనిషి కావాలి. ఏటా ఆ పని పైడితల్లిది. ఈసారి ముసలమ్మ ఒప్పుకోలేదు. దీపం వేళకి అది ఇంట్లో పుస్తకం ముందుండాలి అంది.

బంగార్రాజు బడికొచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మేష్టారూ, నాలుగు రోజులు గుంటకి పారాయణ మాన్పించండి. మీరు సెప్తేగాని మా యమ్మ ఇనదు."

నేను బోర్డు మీద లెక్క రాస్తున్నాను. "టీచరుగారూ, పారాయణ మధ్యలో ఆగదని ఆయనకి చెప్పండి" అన్నాను.

ఏసుమణి నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "ఆయనకి వినబడిందండి" అంది.

"పాకం మాడిపోద్ది మేష్టారూ."

లెక్క పూర్తి చేశాను. వెనక్కి తిరిగేసరికి లేడు. ఆ నాలుగు రోజులూ సాయంత్రం పూట తనే పొయ్యి ముందు కూర్చున్నాడని, ముందు జుట్టు కాలిందని తరవాత పిల్లలు చెప్పుకుని నవ్వారు. నేను నవ్వలేదు. బాధా పడలేదు.

మార్చి ఆఖరికి ఇరవై మంది పిల్లలు ఏ పుస్తకం ఇచ్చినా తడబడకుండా చదువుతున్నారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అలాంటిది నేను చూడలేదు. నా ఉపాయం పారిందనుకున్నాను. అప్పుడు ఏసుమణి ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేష్టారూ, పిల్లలు నవ్వడం మానేశారండి."

"మానేస్తే?"

"ఒకసారి వినండి."

దాసుని లేపి ఎలుగుబంటి పుస్తకం ఇచ్చింది. వాడు చెప్పులు లేని కాళ్ళని కూడా ఒకసారి తుడుచుకుని, పుస్తకం కళ్ళకద్దుకుని, ఒకే రాగంలో చదివాడు. ఎలుగుబంటికి చెట్టున తేనెపట్టు కనబడింది. అందుకోవడానికి ఏతాం చివరికి ఎక్కింది. ఏతాం వంగింది. ఎలుగుబంటి నూతి మీద వేలాడింది. నక్క వచ్చి సలహా చెప్పింది. కోతి వచ్చి సలహా చెప్పింది. దున్నపోతు వచ్చి, నేనైతే ఎక్కను అంది. ఎవరూ తాడు పట్టుకోలేదు. దాసు ఎక్కడా ఆగలేదు. చివర్న దణ్ణం పెట్టాడు. వింటున్న పిల్లలూ దణ్ణం పెట్టారు.

"ఎలుగుబంటి ఎందుకు వేలాడిందిరా?" అని అడిగింది ఏసుమణి.

దాసు పుస్తకం మళ్ళీ కళ్ళకద్దుకున్నాడు.

"దున్నపోతు ఏమంది?"

"అడక్కూడదండి" అన్నాడు. "పారాయణలో మద్దిలో అడిగితే కళ్ళు పోతాయని మాయమ్మ సెప్పిందండి."

ఏసుమణి వాణ్ణి కూర్చోబెట్టింది. నాతో మెల్లిగా అంది. "మీరు మంచి ఉపాయమే చెప్పారండి. ఒక తాళం తీసి ఇంకో తాళం వేశారు. ఆఫీసరుగారు చదివించి ఊరుకోరు, అర్థం అడుగుతారు. అప్పుడు పెట్టె పోతుందండి."

ఆ వయసు మనిషి చేత ఆ మాట పడ్డాను. తప్పు నాది కనక పడ్డాను. పైడితల్లి వరసలో కూర్చుని నా వైపే చూస్తోంది. దానికి అర్థమైంది. మిగతావాళ్ళ నోట్లోంచి అర్థం రాకపోతే పోయేది తన పెట్టె.

"మరేం చెయ్యమంటావు?"

"గుళ్ళో పురాణం చదివినప్పుడు చదివి ఊరుకుంటారా అండీ? అర్థం చెప్పరా?"

"చెబుతారు."

"విన్నవాళ్ళు అడగరా?"

"అడుగుతారు."

"మరి అదే సన్యాసమ్మగారికి చెప్పండి."

మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. ఈసారి దీపం వేళకి వెళ్ళాను. ఎలుగుబంటి పుస్తకం రెండోసారి తెప్పించుకుంది ముసలమ్మ. మొదట ఇంటికొచ్చింది అదేనని దానిమీద గురి. దేవుడి మూల ముందు పైడితల్లి, వెనక ముసలమ్మ, నలుగురు వీధి ఆడవాళ్ళు, అందరి చేతులూ జోడించి ఉన్నాయి. బంగార్రాజు అరుగు మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

పైడితల్లి చదివింది. దున్నపోతు దగ్గరికి వచ్చేసరికి ఆపమన్నాను.

"సన్యాసమ్మా, అర్థం చెప్పించుకోకుండా పారాయణ చేయిస్తున్నావా?"

"అర్తమా? మాకు అర్తం ఎందుకు బాబూ, మేమేటి పండితులమా?"

"అర్థం లేని పారాయణ గాలికి పోతుంది. పేజీ చదవగానే గుంట అర్థం చెప్పాలి. విన్నవాళ్ళు తలా ఒక ప్రశ్న అడగాలి. అడక్కపోతే విన్నట్టు లెక్క కాదు."

ముసలమ్మ నన్ను అనుమానంగా చూసింది. "ఇంతకు ముందు సెప్పలేదేటి?"

"ఇప్పుడు చెబుతున్నాను."

"సెప్పే అర్తం" అంది మనవరాలితో.

పైడితల్లి పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది.  తరవాత చెప్పడం మొదలుపెట్టింది. పుస్తకంలో మాటలతో కాదు, తన మాటలతో. "ఎలుగ్గొడ్డు ఏతాం సివరకి ఎక్కిందా. ఇంతలావు ఒళ్ళేసుకుని. అది కిర్రు కిర్రుమంది. ఇది అదే పాట అనుకుని తోక ఊపింది. ఏతాం ఒంగిపోయి, నూతి మీద గుమ్మడికాయలాగ ఏలాడిపోయింది. దున్నపోతొచ్చి, నేనయితే ఎక్కేదాన్ని కాదమ్మా అంది. ఎలుగ్గొడ్డేమో, ఓలమ్మ, నువ్వెక్కితే ఏతామే ఉండదు, అంది."

ఆఖరి మాట పుస్తకంలో లేదు.

ముందు నవ్వింది బంగార్రాజు. అరుగు మీద నుంచి, ఆపుకోలేక, ముక్కులోంచి. నాకు నచ్చలేదు. అందరిలోకీ ఆయనే ముందు నవ్వడం నాకు నచ్చలేదు. కాని ఆ నవ్వు వినగానే లోపల ఆడవాళ్ళు చేతులు విడదీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముసలమ్మ ఇద్దర్ని కసిరి, మూడోసారి కసరబోయి తనే నవ్వింది.

"ఒసే, ఇంతమంది వచ్చి సలహాలు సెప్పేరు గదా, ఒక్కలూ తాడు పట్టుకోలేదేటి?" అని అడిగింది.

"పట్టుకుంటే సేతులు నొప్పెడతాయి నాన్నమ్మా. సలహాకి నోరుంటే సాలు."

"అదీ నిజమే" అంది ముసలమ్మ. "మీ పెదనాన్న కూడా అంతే."

నేను వచ్చేశాను.

ఆ తరవాత నెల రోజులు ఊళ్ళో దీపాల వేళ తగువుల వేళ అయిపోయింది. ఎలుగుబంటిది తప్పా, ఏతాం అలా వదిలేసిన రైతుది తప్పా అని అచ్చియ్యమ్మకీ ఆవిడ కోడలికీ మాటలు ఆగిపోయాయి. పిల్లలు పొద్దున్నే బడికొచ్చి మా ఇంట్లో ఇలా అడిగారు, మా ఇంట్లో అలా అడిగారు అని ఏసుమణికి చెప్పేవారు. జవాబు దొరక్కపోతే పుస్తకం మళ్ళీ విప్పేవారు. అట్టల మీద పసుపు మాత్రం మానలేదు. మానమని చెప్పలేదు. ఒకరోజుకి ఒక మాటే చెల్లుతుంది ఆ ముసలివాళ్ళ దగ్గర.

ఏప్రిల్ ఇరవై ఆరున జీపు వచ్చింది.

గణపతిరావు ముందు పెట్టె తీయించాడు. పైన ఉన్న పుస్తకం పట్టుకుని వెంటనే వదిలేశాడు. వేళ్ళకి పసుపు అంటుకుంది.

"ఏమిటండీ ఇది? లైబ్రరీ ఇస్తే మీరు తిరనాళ్ళు చేశారా?"

"ముందు పిల్లల్ని అడగండి సార్" అంది ఏసుమణి.

ఆయన పిల్లల్ని కలయచూశాడు. పైడితల్లి నిటారుగా, చెయ్యెత్తడానికి సిద్ధంగా కూర్చుంది. ఆయన దాన్ని లేపలేదు. జ్ఞానమ్మని లేపాడు. తరవాత దాసుని లేపాడు. మూడోవాడి కోసం వెనక వరస దాకా వెళ్ళి, కిటికీలోంచి గేదెలకేసి చూస్తున్న పరదేశి భుజం తట్టాడు.

పైడితల్లి తల దించుకుంది. ఇక దాని చేతిలో ఏమీ లేదు.

జ్ఞానమ్మకి పత్రికలోంచి చింపిన కాగితం ఇచ్చాడు. చదివింది, చెప్పింది. దాసుకి ఇంకోటి. వాడూ చెప్పాడు, మధ్యలో ఒకచోట ఆగి వెనక్కి వెళ్ళి సరిచేసుకున్నాడు. ఆయన తలూపాడు. పరదేశికి వచ్చేసరికి సంచీలో కథ కాగితాలు అయిపోయాయి. వెతికి, బ్లాకు ఆఫీసు రైతులకి పంచే కరపత్రం ఒకటి ఇచ్చాడు. కంపోస్టు ఎరువు తయారుచేసే విధానం.

అది పిల్లలకి ఇచ్చే కాగితం కాదని అనబోయాను. ఏసుమణి కళ్ళతో వద్దంది.

పరదేశి వేలు పెట్టాడు. "గుం... త. గుంత. పది అడు... అడుగుల పొ... డవు." ఒక్కో మాటకి ఒక్కో ఊపిరి. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. పైడితల్లి పెదవులు కదులుతున్నాయి. దూరం నుంచే కాగితంలో ఏముంటుందో ఊహించి అందించేలా ఉంది. నేను దాని వైపు బెత్తం చూపించాను. ఆగింది. కరపత్రం పన్నెండు లైన్లు. పావుగంట పట్టింది. వాడు ఒక్క మాట కూడా వదల్లేదు.

"చదివావు. సరే. ఏం అర్థమైంది?" అన్నాడు గణపతిరావు.

పరదేశి నోరు తెరవలేదు.

ఆయన ఇంకోసారి అడిగాడు. వాడు ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఏసుమణి గోడని పట్టుకుంది.

"ఏరా, చెప్పవా?"

"మీరు ఊఁ కొట్టండి బాబూ. ఊఁ కొట్టకపోతే ఎలాగ సెప్తాను?"

ఆఫీసరు నా వైపు చూశాడు. నేను నేలకేసి చూశాను.

"ఊఁ" అన్నాడు.

"గొయ్యి తవ్వాలంట."

"ఊఁ."

"పదడుగుల పొడుగు, ఆరడుగుల ఎడల్పు. అందులో పేడ, చెత్త, ఆకులు, అన్నీ ఎయ్యాలంట. మీద మట్టి కప్పాలంట. నాలుగు నెల్లు తియ్యకూడదంట. తీస్తే నల్లగా ఎరువైపోద్దంట. సెరుకు బాగా పండుతాదంట."

"ఊఁ. శభాష్."

"అయిపోలేదండి. గొయ్యి ఇంటికి ఏభై అడుగుల దూరంలో ఉండాలంట. మా యింటికాడ ఏభై అడుగులు పోతే సత్యారావుగారి పొలం వస్తాది. ఆయన పొలంలో మేము గొయ్యి తవ్వితే ఊరుకుంటాడేటండి?"

గణపతిరావు కరపత్రం తీసుకున్నాడు. తనూ ఒకసారి చదివాడు. అటూ ఇటూ తిప్పాడు.

"ఇందులో లేదు" అన్నాడు.

"నేనూ సూసేనండి. లేదండి" అన్నాడు పరదేశి. "అందుకే అడిగేను."

ఆయన నవ్వలేదు. కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది రాసినవాళ్ళని అడిగి చెబుతాను" అన్నాడు. తరవాత నాతో, "పెట్టె ఉంచుకోండి మేష్టారూ" అన్నాడు.

పిల్లలు అరిచారు. పైడితల్లి అరవలేదు. చాప చివర పీచు లాగుతూ కూర్చుంది, కళ్ళు తుడుచుకోకుండా.

"కాని ఈ పసుపు సంగతి నేను రాయక తప్పదు" అన్నాడు ఆయన. "నలభై పుస్తకాల అట్టలు పాడయ్యాయి. ఎవరి బాధ్యత?"

ఏసుమణి నోరు తెరిచింది.

"నాది" అన్నాను. "రాసుకోండి."

రాసుకున్నాడు. నా సర్వీసులో అది మొదటి మాట. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాను, చదివేవాళ్ళెవరు.

జీపు వెళ్ళింది. పిల్లలు పరదేశిని మధ్యలో పెట్టుకుని, సత్యారావు ఊరుకుంటాడా ఊరుకోడా అని తగువులాడుకుంటూ ఇళ్ళకి పోయారు. ఏసుమణి చాప చుట్టింది. పైడితల్లి మాత్రం పెట్టెలోంచి ఒక పుస్తకం తీసుకుని బడి మెట్ల మీద కూర్చుంది. ఇక తొందర లేదు దానికి. అయినా ఆ క్షణంలోనే మొదలుపెట్టింది.

కాసేపటికి బంగార్రాజు వచ్చాడు. రోడ్డు మీద నుంచే పిలిచాడు.

"ఒసే పైడీ, రాయే. దూడకి నీళ్ళెట్టాల."

"వస్తన్నాను నాన్నా. ఈ కథ అయిపోవాలి."

"ఎంతుంది?"

"నాలుగు పేజీలు."

ఆయన నా వైపు చూశాడు. "మేష్టారూ" అన్నాడు. నేను తాళం వేసుకుంటున్నాను. జవాబివ్వలేదు. ఆయన ఇంకేమీ అనలేదు, పిల్లని మళ్ళీ పిలవలేదు. ఎండలోనే నిలబడ్డాడు. నేను కూర్చోమనలేదు. నీడలోకి రమ్మనలేదు. నాలుగు పేజీలూ అయ్యేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు.